తంతిలో ఒక్క ఈజ్

మా పై గదిలో అద్దెకున్న అమ్మాయి ఖాళీ చేసి వెళ్ళాక, సున్నం వేయించే ముందు ఒకసారి చూసుకుందామని నిన్న పొద్దున ఓపిక చేసుకుని మెట్లెక్కాను. నా మోకాళ్ళకూ ఆ మెట్లకూ ఎప్పటినుంచో పడదు. గదిలో మా మంచమూ అద్దమూ, గోడ నిండా కాగితాలూ తప్ప ఏమీ మిగల్లేదు. అశోక్‌నగర్‌లో మేడ మీద గది ఉన్నవాళ్ళెవరికైనా ఇది అలవాటైన సంగతే. ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన పిల్లలు మంచం పక్క గోడకు భారత రాజ్యాంగం, తలుపు వెనక నదులు, అద్దం చుట్టూ ఇంగ్లీషు మాటలు అంటించుకుంటారు, వెళ్ళేటప్పుడు పుస్తకాలు సర్దుకుంటారు గానీ గోడను వదిలేసి పోతారు. ఆ అన్నం మెతుకులూ జిగురూ గోకించుకోలేక ప్రతిసారీ నాలుగు తిట్లు తిట్టుకోవడం నాకు మామూలే. నిన్న కూడా తిట్టుకుంటూనే అద్దం పక్క కాగితం పీకబోయి, చత్వారం కళ్ళద్దాలు సవరించుకుని చదివాను.

అది జిరాక్సు కాగితం. లీవ్ అనే మాటతోనూ చేంజ్ అనే మాటతోనూ ఇంగ్లీషువాళ్ళు ఏ ఏ మాటలు జతచేసి వాడతారో వరసగా అచ్చువేసి ఉన్నాయి. లీవ్ హోమ్, లీవ్ ఫర్ వర్క్, లీవ్ బిహైండ్, చేంజ్ యువర్ మైండ్, చేంజ్ ఫర్ ద వర్స్ అంటూ. ప్రతిదాని పక్కనా ఆ అమ్మాయి గుండ్రటి అక్షరాలతో పెన్సిలుతో తెలుగు అర్థం రాసుకుంది. ఇల్లు ఇడిసిపెట్టుడు. పనికి పోవుడు. మనసు మార్సుకునుడు. తనకు తెలిసిన భాషలో, తన కోసం. చివర లీవ్ ఫర్ గుడ్ అని ఉంది, దాని పక్కన మంచి కోసం పోవుడు అని రాసుకుంది. చదవగానే ఫక్కున నవ్వొచ్చింది. నవ్వు పూర్తిగా బయటికి రాకముందే కళ్ళు చెమర్చి, ఆ మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. ఈ తప్పునే ఎర్ర సిరాతో ఎన్నోసార్లు కొట్టేసిన మనిషి నాకు తెలుసు. ఆయన మా మేనమామ.

మా నాన్న పోయాక అమ్మా నేనూ గుంటూరు వదిలి అమ్మమ్మా మామయ్యా ఉన్న ఈ ఇంటికే వచ్చాం. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో ఉద్యోగం కోసం వచ్చిన మామయ్య అప్పటికే ఆ ఉద్యోగం వదిలేసి, నారాయణగూడలో ఒక ఇరానీ హోటలు మీది గదిలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే తరగతులు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే మా అమ్మమ్మ, వాడికి ఇంగ్లీషుతో అయిపోయిందమ్మా పెళ్ళి, అత్తగారింటికి కూడా పోకుండా కాపురం ఇక్కడే పెట్టాడు అని నవ్వేది. అమ్మమ్మకు ఇద్దరు కొడుకులు, మా అమ్మ వాళ్ళిద్దరికీ అక్క. చిన్నమామయ్య నాగపూరు అవతల బొగ్గు గనుల ఊళ్ళో ఉద్యోగం చేసేవాడు. తండ్రి చిన్నతనంలోనే పోతే చిన్నమామయ్యను పెంచిందీ, చదివించిందీ, చెవి మెలేసి ఇంగ్లీషు నేర్పిందీ మామయ్యే. అన్నదమ్ములంటే అలా ఉండాలని వీధిలో అందరూ అనేవాళ్ళు, నేనూ అలాగే అనుకుంటూ పెరిగాను.

నేను అక్కడికి దగ్గర్లోనే కాలేజీలో చదువుకుంటూ, సాయంత్రాలు మామయ్య తరగతిలో బల్ల తుడిచి, సుద్దముక్కలు అందించి, వెనక బెంచీలో కూర్చునేదాన్ని. కింది నుంచి ఉస్మానియా బిస్కెట్ల వాసన, చాయ్ గ్లాసుల చప్పుడు వస్తుండేవి. అప్పటికి అక్కడ ఫ్లైఓవరు లేదు, కిటికీలోంచి వైఎంసీఏ వైపు రోడ్డంతా కనిపించేది. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తాలు, పాలమూరు వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు, ఉర్దూ మీడియంలో చదివి ఇంగ్లీషు దగ్గర తడబడే నడివయసు వాళ్ళు, అందరూ ఆ ఒక్క గదిలో ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. మామయ్య విడి మాటలు నేర్పేవాడు కాదు. ఇంగ్లీషులో మాట ఒంటరిగా బతకదు, దానికి జోడీ ఉంటుంది, ఆ జోడీ తప్పిందా మాట చచ్చిపోతుంది అనేవాడు. చేంజ్‌తో వాక్యం చెప్పమంటే అందరికందరూ కండక్టరు చేంజ్ ఇవ్వలేదనే చెప్పేవాళ్ళు, ఆయన నుదురు కొట్టుకునేవాడు. లీవ్ ఫర్ గుడ్ అంటే ఏమిటని అడిగితే, మంచి పని మీద వెళ్ళడం సార్ అని గదంతా ఒక్క గొంతుతో అనేది. కాదు నాయనా, ఇక ఎప్పటికీ తిరిగి రాకుండా వెళ్ళడం అని ఆయన చెబితే, మరి గుడ్ ఎందుకు సార్ అందులో అని ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవాళ్ళు. ఆయన నా వైపు తిరిగి బల్ల తుడవమనేవాడు.

ఆయన అన్నిటికంటే ఎక్కువ యుద్ధం చేసింది ఒక వాక్యంతో. తరగతి అయిపోగానే ప్రతివాడూ తలుపు దగ్గర ఆగి, ఐ విల్ గో అండ్ కమ్ సార్ అనేవాడు. అది ఇంగ్లీషు కాదు, ఐ యామ్ లీవింగ్ అనాలి అని ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి సరిగ్గా అనిపించి గానీ పంపేవాడు కాదు. ఒకసారి మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకాయన, సర్వే ఆఫీసులో పని, పిల్లల తండ్రి, ఎంత చెప్పినా ఆ మాట నోట పలకలేదు.

"పోతున్న అని ఎట్లంట సార్, ఇంట్ల ముసలామె వింటె ఊకుంటదా? పోయొస్త అనాలె గద."

మామయ్య ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మమ్మతో కోపంగా చెప్పాడు. తప్పు మనిషికే చెప్పాడు. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే నియమం. గడప దాటుతూ ఎవరైనా నోరు జారి వెళ్తున్నా అంటే అమ్మమ్మ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, వెళ్ళొస్తా అనిపించి అప్పుడు పంపేది. కాలేజీకి ఆలస్యమైపోతోందని నేను ఎన్నిసార్లు ఏడ్చానో. ఆవిడ మామయ్య చెప్పిందంతా విని, చింతపండు గింజలు తీస్తూనే, మీ ఇంగ్లీషు వాళ్ళలో వెళ్ళినవాళ్ళు తిరిగి రారట్రా, పాపం, అంది. మామయ్య ఆ పూట అన్నం సరిగా తినలేదు.

ఇంకొకటి, మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను, టెలిగ్రాం ఇంగ్లీషు. ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియెట్లీ అని తంతి వస్తే ఏమిటో, అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా తెలుసు. అందులో సీరియస్ అంటే సీరియస్ కాదు, మనిషి పోయాడని. పోయాడని నేరుగా రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు, అందుకని ఊరూవాడా ఒక్కటై ఈ మాట పెట్టుకున్నారు. తంతి అందుకున్నవాడికి గుండె జారిపోయేది, అయినా పైకి మాత్రం, సీరియస్సే కదా, బతికే ఉన్నాడేమో అని ఒకరికొకరు చెప్పుకునే సందు ఉండేది. ఇంటి చుట్టుపక్కల వాళ్ళు ఇలాంటి తంతులు రాయించుకోవడానికి మామయ్య దగ్గరికే వచ్చేవాళ్ళు, ఆయన ప్రతిసారీ మండిపడేవాడు. సీరియస్ అంటే నవ్వని మొహం, జబ్బు కాదు. స్టార్ట్ అయ్యేది మోటారు, మనిషి లీవ్ అవుతాడు. ఎక్స్‌పైర్ అయ్యేది మందు సీసా, మనిషి చచ్చిపోతాడు. ఇలా సాగేది. వాళ్ళు వినేవాళ్ళు కాదు. బాబ్బాబు, అందరూ రాసేదే రాయండి అని బతిమాలుకునేవాళ్ళు.

శివరాత్రి వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో అమ్మమ్మ పోయింది. ఆవిడకు ఆయాసం చాలా కాలంగా ఉంది, చలికాలం గడిచింది కాబట్టి గండం గడిచిందనే అనుకున్నాం. ముందు రోజంతా చిన్నవాడు వచ్చాడా అని అడుగుతూనే ఉంది, వాడు ఉత్తరం రాశాడు, వేసవి సెలవులకు వస్తాడు అని అమ్మ చెబితే, వాణ్ణి ఒక్కసారి చూస్తే చాలే అని కళ్ళు మూసుకునేది. తెల్లవారి కాఫీ తీసుకెళ్ళిన అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. ఏడుపు అనేది ఎంత పెద్ద శబ్దమో అప్పుడు విన్నాను.

చిన్నమామయ్యకు కబురు పంపాలి. అమ్మ ఏడుపు మధ్యలోనే, సీరియస్, స్టార్ట్ అని కొట్టు తమ్ముడూ, వాడికి అర్థమవుతుంది అంది. మామయ్య చొక్కా వేసుకుని తనే తంతి ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. ఏమని రాశావని అమ్మ అడిగితే చెప్పాడు. మదర్ ఈజ్ సీరియస్‌లీ ఇల్, లీవ్ అట్ వన్స్. తంతిలో మాట మాటకూ డబ్బు కడతారు కాబట్టి ఈజ్ అనేది లోకంలో ఎవరూ రాయరు. ఈయన తల్లి శవం ఇంట్లో పెట్టుకుని కూడా ఈజ్ వదల్లేదు. అమ్మ ఆ మాట విని ఏడుపు ఆపి, ఇప్పుడు కూడా నీ ఇంగ్లీషేనా అంది. నేనూ అదే అనుకున్నాను. అసహ్యం వేసింది కూడా, దాచుకోవడమెందుకు.

రైళ్ళ లెక్క ప్రకారం చిన్నమామయ్య మర్నాడు మధ్యాహ్నానికి రావాలి. ఐసు దిమ్మలు తెప్పించి అమ్మమ్మను వాటి మీద ఉంచారు. మర్నాడు మధ్యాహ్నం దాటింది. రిక్షా చప్పుడైన ప్రతిసారీ మామయ్య గేటు దాకా వెళ్ళి వచ్చేవాడు. ఐసు నీళ్ళు హాలంతా పారి వాకిట్లోకి వచ్చేశాయి, నేను గోనెపట్టాలు వేస్తూనే ఉన్నాను. సాయంత్రమయ్యేసరికి పెద్దవాళ్ళు, ఇక ఉంచకూడదు, ఆవిడ మొహం చూడండి, ఈ ఎండల్లో ఇంకా ఏం ఉంచుతాం అన్నారు. మామయ్య ఇంకాసేపు అన్నాడు. ఇంకాసేపు, ఇంకాసేపు అంటూ పొద్దుగూకేదాకా ఆపి, చివరికి తనే కుండ పట్టుకుని ముందు నడిచాడు.

చిన్నమామయ్య ఆ తర్వాత రోజు పొద్దున వచ్చాడు. ఇల్లు కడిగి, అమ్మమ్మను పడుకోబెట్టిన చోట దీపం పెట్టాం. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. రిక్షా దిగాడు, ఒక చేతిలో నాగపూరు కమలాల బుట్ట, చంకలో కాగితం చుట్టిన మందు సీసా. మనిషి రెండు రోజుల గడ్డంతో ఉన్నాడు గానీ మొహం తేటగానే ఉంది. గేటు తీస్తూ గొంతు తగ్గించి నన్ను అడిగాడు.

"అమ్మ నిద్రపోతోందా?"

నేను లేచి పక్కకు జరిగాను. ఆయన నా వెనకున్న తలుపులోంచి లోపలికి చూశాడు, దీపం కనిపించింది. బుట్ట చేతిలోంచి జారలేదు, మెల్లగా వంగి దాన్ని జాగ్రత్తగా మెట్టు మీద పెట్టాడు, సీసా దాని పక్కన పెట్టాడు, చెప్పులు విప్పాడు. అవన్నీ చేసి అప్పుడు కూలబడ్డాడు.

ఆలస్యం ఎందుకైందో వంటింట్లో అమ్మకు చెబుతుంటే విన్నాను. నాగపూరులో ఆయాసానికి మంచి డాక్టరు ఉన్నాడని, ఆయనిచ్చే మందుతో ఎంతోమందికి నెమ్మదించిందని తోటివాళ్ళు చెప్పారట. అమ్మ బతికి ఉంది కదా, ఉట్టి చేతులతో వెళ్ళి ఏం చేస్తాను, ఆ మందు తీసుకునే వెళ్దామని అక్కడ దిగాడట. డాక్టరు ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా కూర్చున్నాడట. ఆ కూర్చున్న పూట, అమ్మకు ఇష్టం కదా అని కమలాలు ఏరి కొన్నాడట.

"అందరూ రాసేలా రాసి ఉంటే నాకు తెలిసేది కదక్కయ్యా. అన్నయ్య ఇంగ్లీషులో అబద్ధం రాయడనుకున్నాను."

అప్పుడు మామయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చిన్నమామయ్య తల తిప్పి ఆయన్ను చూసి, అరవలేదు, తరగతిలో పాఠం ఒప్పజెప్పినట్టు నిదానంగా అన్నాడు.

"ఈజ్ అని రాశావు అన్నయ్యా. ఈజ్ అంటే ఉంది అని. నువ్వే నేర్పావు."

ఆ పదకొండు పన్నెండు రోజులూ అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని పిండాలు పెట్టారు, ఒకే విస్తరి వరసలో తిన్నారు, ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆ మందు సీసాను ఎవరూ ముట్టుకోలేదు. కమలాలు కుళ్ళిపోతే అమ్మ ఎవరూ చూడకుండా తీసి పారబోసింది. అమ్మ చిన్నమామయ్య దగ్గరికి వెళ్ళి ఎన్నో రకాలుగా నచ్చజెప్పింది. కడచూపు నోచుకోలేదు నేను, అది ఎవరు తెచ్చిస్తారు అన్నాడు.

వెళ్ళే రోజు వచ్చింది. పెట్టె రిక్షాలో పెట్టించాడు. అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు, నా తల నిమిరాడు. మామయ్య గేటు పక్క నిలబడి ఉన్నాడు, ఆ నిలబడటంలోనే ఎంత బతిమాలుకోవడం ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చిన్నమామయ్య ఆయన ముందు ఆగి, స్పష్టంగా, ఉచ్చారణ దోషం లేకుండా, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనని మాట అన్నాడు. ఐ యామ్ లీవింగ్, అన్నయ్యా. రిక్షా కదిలింది. పరుగెత్తి వెనక్కి పిలిచి, మంచినీళ్ళిచ్చి, ఆ మాట మార్పించాల్సిన మనిషి ఇంట్లో లేదు.

ఆ తర్వాత మామయ్య బతికి ఉండగా చిన్నమామయ్య ఈ గడప తొక్కలేదు. ఉత్తరాలు అమ్మకు రాసేవాడు, నాకు రాసేవాడు, నా పెళ్ళికి చీర పంపాడు. మామయ్య పేరు ఎత్తేవాడు కాదు. మామయ్య తరగతులు కొన్నేళ్ళు నడిపాడు, తర్వాత పెద్ద పెద్ద బోర్డులతో కోచింగులు వచ్చాయి, ఇరానీ హోటలు కొట్టేసి బట్టల దుకాణం కట్టారు, ఆయన ఇంటికొచ్చేసి చిక్కడపల్లి లైబ్రరీలో పేపర్లు చదువుకుంటూ కాలక్షేపం చేశాడు. చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా తంతి రాయమని వస్తే మాత్రం, నాకు టెలిగ్రాం ఇంగ్లీషు రాదండీ, వేరే ఎవరి చేతనైనా రాయించుకోండి అని చేతులు జోడించేవాడు. మొదట్లో వాళ్ళు వేళాకోళమనుకున్నారు.

అమ్మ పోయాక, ఆయనకు చూపు తగ్గి నేను పేపరు చదివి వినిపించే రోజుల్లో, ఒక సాయంత్రం ఏ సందర్భమూ లేకుండా చెప్పాడు. ఆ తంతి నేను ఇంగ్లీషు కోసం రాయలేదే పిల్లా అన్నాడు. సీరియస్, స్టార్ట్ అంటే వాడికి అక్కడే తెలిసిపోతుంది. రైల్లో ఒక్కడూ, పక్కన మనవాళ్ళెవరూ లేకుండా, అంత దూరం తల్లి లేని వాడిగా కూర్చుని రావాలి. సరైన ఇంగ్లీషు రాస్తే నమ్ముతాడు. ఇంకో పూట వాడికి అమ్మ ఉంటే ఏం పోయింది, ఇంటికి వచ్చాక నేను పట్టుకుంటాను కదా అనుకున్నాను. నాగపూరులో దిగిపోతాడని నాకేం తెలుసు. అంతే అన్నాడు, మళ్ళీ పేపరు చదవమన్నాడు. ఈ మాట చిన్నమామయ్యకు రాస్తానంటే వద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. వాడి కోపమైనా వాడికి ఉండనీ, అదీ తీసేస్తే వాడికేం మిగులుతుంది అన్నాడు. ఇన్నేళ్ళు నేను అనుకున్నదంతా తప్పని అప్పుడు తెలిసింది. అయినా ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు. అమ్మ మొహం చూసే హక్కును ఒక మనిషి దగ్గర్నుంచి దయతో మాత్రం ఎలా తీసుకుంటారు?

మామయ్య పోయిన రోజున నేనే ఫోను చేశాను. అప్పటికి తంతులు ఎవరూ కొట్టడం లేదు. చిన్నమామయ్య ఉద్యోగం అయిపోయి నాగపూరులోనే స్థిరపడ్డాడు. ఫోను ఎత్తాడు. ఎంత సిద్ధం చేసుకున్నా నా నోటికి నిజం రాలేదు, మామయ్యకు సీరియస్‌గా ఉంది మామయ్యా అన్నాను. ఆయన అడిగాడు.

"సీరియస్సా, సీరియస్‌లీ ఇల్లా?"

"సీరియస్," అన్నాను.

సరే, స్టార్ట్ అవుతున్నా అన్నాడు. ఆ ముసలి గొంతులో ఆ తప్పుమాట వినగానే నేను ఫోను పెట్టేసి ఏడ్చాను. ఈసారి దారిలో ఎక్కడా దిగలేదు. వచ్చి, చెప్పులు విప్పి, అన్న తల దగ్గర నేల మీద కూర్చుని, మొహం మీది గుడ్డ తీసి, తీసుకెళ్ళేదాకా చూస్తూనే ఉన్నాడు. మామయ్య వేయించుకున్న ఒట్టు నాకు గుర్తుంది. పోయినవాళ్ళకు వేసిన ఒట్లు చెల్లవని నాకు నేనే చెప్పుకుని, పదోరోజు ఆయనకు కాఫీ ఇస్తూ మొత్తం చెప్పేశాను. ఆయన కాఫీ తాగలేదు. చల్లారిపోయిన గ్లాసు చేతిలో పట్టుకుని, నాగపూరులో నేను పాట పాడుకున్నానే, కమలాలు ఏరుతూ, అన్నాడు. పిచ్చివాడు అన్నయ్య, అన్నాడు.

వెళ్ళేటప్పుడు పటం ముందు నిలబడ్డాడు. నేను వెనకే ఉన్నాను. ఐ విల్ గో అండ్ కమ్, అన్నయ్యా, అన్నాడు. దిద్దే మనిషి పటంలో ఉన్నాడు. మళ్ళీ రాలేదు చిన్నమామయ్య, రెండేళ్ళు తిరగకుండా ఆయనా పోయాడు.

ఆ కబురు నాకెలా చేరిందంటే, నారాయణగూడ మార్కెట్లో బీరకాయలు ఏరుకుంటుంటే చేతిసంచీలో ఫోను టింగుమంది. ఏ కరెంటు బిల్లో అనుకుని చూస్తే దండ వేసిన ఫొటో. కింద ఆర్ ఐ పీ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఆయన కొడుకు పంపాడు, వాణ్ణి తప్పు పట్టను, ఇప్పుడందరూ అలాగే పంపుతున్నారు. ముందు ఫొటోయే వస్తుంది. సీరియస్ అనే మాట లేదు, స్టార్ట్ అనే మాట లేదు, తెలిసీ తెలియనట్టు ఒకరి మొహం ఒకరు చూసుకునే ఆ కాస్త సందు లేదు. నేను బీరకాయలు చేతిలో పట్టుకునే నిలబడిపోయాను. ఏందమ్మా, తూకం ఎయ్యాల్నా వద్దా అని కూరగాయలామె అడిగింది. వెయ్యమన్నాను. ఇంకేం చేస్తాను?

మామయ్య చేసింది మంచో చెడో ఇప్పటికీ నాకు తేలలేదు. తల్లి మొహం పోగొట్టుకున్నవాడికి ఒక పూట తల్లిని ఇచ్చాడు; ఆ పూట పాట పాడుకుంటూ కమలాలు ఏరాడు చిన్నమామయ్య. ఆ పూట ఇప్పుడు ఎవరికీ దొరకదు, ఇచ్చేవాళ్ళూ లేరు, అందులో ఉన్న మోసమూ లేదు. మన తరంతో అది పోయింది, పోయినందుకు ఏడవాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియక ఇదంతా రాస్తున్నాను.

ఇక ఆ పై గది అమ్మాయి సంగతి. వాళ్ళది మహబూబ్‌నగర్ వైపు ఊరు, తల్లీ తండ్రీ కవాడిగూడ దగ్గర కడుతున్న మేడ పని చేస్తూ అక్కడే రేకుల కింద ఉండేవాళ్ళు. అక్కడ చదువు సాగదని కూతురికి మా గది మాట్లాడి పెట్టారు. తండ్రి ఆ మేడ మీంచి జారిపడితే నడుము విరిగింది. ఇక లేవడన్నారు. ఊరికి తీసుకుపోతున్నారు, తల్లి ఒక్కతే చూసుకోలేదు, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. పరీక్షలు మళ్ళీ పడ్డప్పుడు రామ్మా, గది ఎవరికీ ఇవ్వను అన్నాను. ఇవ్వకుండా ఎంతకాలం ఉంటాను, అది నాకూ తెలుసు ఆ పిల్లకూ తెలుసు. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని కింది మెట్టు మీద ఆగింది.

"పోయొస్త అమ్మా."

పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించాను, ఆ పిల్ల మాట సరిగ్గానే అన్నప్పటికీ.

సున్నం వేసేవాళ్ళు రేపు వస్తారు. ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. లీవ్ ఫర్ గుడ్, మంచి కోసం పోవుడు. దాని కిందే కాస్త ఖాళీ ఉంది, అర్థం సరిగ్గా రాయడానికి చోటు సరిపోతుంది. నిన్న సాయంత్రం పెన్సిలు తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళాను కూడా. పోయొస్తనని చెప్పి వెళ్ళిన పిల్ల రాతను ఏమని దిద్దను?